పోయిన వ్రాత, మిగిలిన ఆట

1991 జనవరిలో అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమునకు చెందిన టిమ్ స్వీనీ అను యువకుడు తాను సొంతముగా వ్రాసిన ఒక కంప్యూటరు ఆటను విడుదల చేసినాడు. ఆట పేరు జెడ్.జెడ్.టి. అందులో బొమ్మలు లేవు. తెరమీది అక్షరములే బొమ్మలు. ఆటగాడు నవ్వు ముఖము గల ఒక గుర్తు. సింహము గ్రీకు అక్షరమైన ఒమేగా. పులి, మన గణిత పాఠములలో వృత్తము వెంట వచ్చు ‘పై’. ఆనాటి తెరకు అడ్డముగా 80, నిలువుగా 25 అక్షరములు పట్టును. అడ్డముగా 60 అక్షరముల మేర ఆటస్థలము, మిగిలిన 20 అక్షరముల మేర లెక్కల పట్టిక. ఇంతే సామగ్రి. మొదటి భాగమును ఎవరైనను ఉచితముగా నకలు తీసి పంచుకొనవచ్చును. తక్కిన భాగములు కావలసినవారు తపాలాలో డబ్బు పంపి తెప్పించుకొనవలెను. ఈ తపాలా వ్యాపారమే పెరిగి పెరిగి ఎపిక్ గేమ్స్ అను పెద్ద సంస్థ అయినది.

ఆ ఆటను నేటికిని ఆడువారు ఉన్నారు. కాని దానిని వ్రాసిన వ్రాత మాత్రము వ్రాసినవాని వద్దనే లేకపోయినది.

ఆట ఉండగా దాని వ్రాత పోవుట ఎట్లు అని విద్యార్థులు అడుగవచ్చును. ప్రోగ్రాము వ్రాయువాడు ‘గుండు గోడను తాకినచో దానిని మాయము చేయుము’ వంటి ఆజ్ఞలను పాస్కల్, బేసిక్, సి వంటి భాషలలో, మనిషి చదువదగు మాటలతో వ్రాయును. దీనినే సోర్సు కోడు, అనగా మూలరచన, అందురు. కంపైలరు అను అనువాదక ప్రోగ్రాము ఈ మూలరచనను యంత్రమునకు తెలిసిన అంకెలుగా మార్చును. కొనువారి చేతికి వచ్చునవి ఈ అంకెలే. అనువాదములో పేర్లు రాలిపోవును. పక్కన వ్రాసికొన్న వివరణలు రాలిపోవును. ఇల్లు నిలిచి ఉన్నది గాని మేస్త్రీ గీసికొన్న ప్లాను పోయినది అన్నట్లుండును. ఆ ఇంటిలో కాపురము చేయవచ్చును. దూలమును అక్కడనే ఎందుకు వేసినారో తెలిసికొనుట మాత్రము కష్టము.

ఈ ఆటల కాలమును గూర్చి కొంత చెప్పవలెను. 1981 ఆగస్టులో ఐ.బి.యం. సంస్థ తన వ్యక్తిగత కంప్యూటరును విడుదల చేసినది. దానిని నడిపిన డాస్ అను వ్యవస్థ సుమారు 15 సంవత్సరములు ఇళ్లలోను, కార్యాలయములలోను రాజ్యము చేసినది. మన దేశములో 1984లో కేంద్ర ప్రభుత్వము క్లాస్ అను పథకము క్రింద కొన్ని పాఠశాలలకు బి.బి.సి. మైక్రో యంత్రములను ఇచ్చినది. అవి డాస్ యంత్రములు కావు గాని బేసిక్ భాషకు మన బడులలో చోటు కల్పించినవి. 1990ల నాటికి ఏలూరు, గుడివాడ, తాడేపల్లిగూడెము వంటి పట్టణములలో శిక్షణ కేంద్రములు వెలసినవి. ముదినేపల్లి వంటి ఊళ్ల పిల్లలు బస్సెక్కి పోయి డాస్, బేసిక్ నేర్చుకొన్నది ఆ రోజులలోనే. నేర్చినవారిలో కొందరైనను ఒక చిన్న ఆటను వ్రాయకుండ ఉండలేరు. బంతి గోడకు తగిలి తిరిగివచ్చుట తెరమీద చూచిన పిల్లవానికి అంతకు మించిన పాఠము ఏమున్నది?

1991లో వచ్చిన డాస్ 5వ కూర్పుతో క్యూబేసిక్ అను భాషయు, దానితో పాటు మూలరచన సహితముగా గొరిల్లాల ఆటయు ఉచితముగా వచ్చినవి. రెండు గొరిల్లాలు మేడలపై నిలిచి ఒకదానిపై ఒకటి అరటిపండ్లు విసురుకొనును. ఆటగాడు కోణమును, వేగమును అంకెలలో చెప్పవలెను. ఆట మొదలు కాకముందు గురుత్వ త్వరణము ఎంత అని కూడ యంత్రము అడుగును; భూమికి 9.8 అని తానే సూచించును. ప్రక్షేపకముల పాఠము చెప్పు భౌతికశాస్త్ర ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి సాధనము అరుదు. చంద్రునకు 1.6 అని ఇచ్చి అరటిపండు ఎంత దూరము పోవునో చూడవచ్చును. ఆట నచ్చని చోట మూలరచనను తెరచి మార్చుకొనవచ్చును.

అన్ని ఆటలకు ఈ అదృష్టము పట్టలేదు. పూర్తియైన ఆటను పదిమందికి నకలు తీసి ఇచ్చెడివారు. మూలరచనను మాత్రము ఒక్క ఫ్లాపీ మీద తమ వద్దనే దాచుకొనెడివారు. పంచిన నకళ్లు పది చోట్ల ఉన్నవి కనుక వానిలో ఒకటి మిగిలినది. దాచుకొన్నది ఒక్క చోటనే ఉన్నది కనుక పోయినది. మన తాళపత్రముల కథయు ఇదియే. కడప, మచిలీపట్నము, రాజమండ్రులలో ఉద్యోగము చేసిన సి.పి. బ్రౌన్ ఒక్కొక్క కావ్యమునకు దొరికినన్ని ప్రతులు తెప్పించి సరిపోల్చి పాఠమును నిర్ణయింపజేసినాడు. ప్రతులు పలుచోట్ల ఉండబట్టి ఆ పని సాధ్యమైనది. మానవల్లి రామకృష్ణకవి వెలికి తెచ్చి 1909లో ప్రకటించువరకు నన్నెచోడుని కుమారసంభవమును పండితులే ఎరుగరు.

జెడ్.జెడ్.టి. విషయమున సరిపోల్చుటకు మరొక మూలప్రతి లేదు. అయినను 2020 మార్చిలో దాని మూలరచన మరల వెలువడినది. పోలండు దేశపు ప్రోగ్రామరు ఒకడు, స్వీనీ అనుమతితో, మిగిలియున్న యంత్రాంకెల నుండి వెనుకకు నడచి దానిని పునర్నిర్మించినాడు. ఈ పని జరిగిన విధము శాస్త్ర విద్యార్థులు శ్రద్ధగా చూడదగినది.

ఆట టర్బో పాస్కల్ 5.5 అను కంపైలరుతో తయారైనది. కంపైలరు నియమము తప్పని యంత్రము. ఒకే మూలరచనను ఎన్నిసార్లు ఇచ్చినను అవే అంకెలను ఇచ్చును. కనుక పరిశోధకుడు ఒక చిన్న భాగము ఇట్లు ఉండవచ్చునని ఊహించి పాస్కల్‌లో వ్రాయును; అదే కంపైలరుతో అనువదించును; వచ్చిన అంకెలను పాత ఆటలోని అంకెలతో ఒక్కొక్కటిగా పోల్చును. ఒక్క అంకె తేడా ఉన్నను ఊహ తప్పు. ఒకే పనిని చేయు రెండు విధముల వాక్యములు వేరు వేరు అంకెలను ఇచ్చును గనుక స్వీనీ వాడినది ఏ విధమో కూడ తేలిపోవును. ప్రకటించిన రాశులకు కంపైలరు వరుసగా స్థలములు కేటాయించును గనుక వానిని ఏ క్రమములో ప్రకటించినాడో కూడ తెలియును. తెరమీద కనబడు ఆంగ్ల వాక్యములు అంకెల నడుమ యథాతథముగా ఉండనే ఉన్నవి. చివరకు పునర్నిర్మించిన మూలరచన నుండి ఆట 3.2వ కూర్పు ఒక్క బైటు తేడా లేకుండ వచ్చినది. ఊహను ప్రయోగముతో పరీక్షించుటకు ఇంత స్పష్టమైన ఉదాహరణము మన పాఠ్యపుస్తకములలో కూడ ఎక్కువగా కానరాదు.

అయితే ఈ పద్ధతి చేరలేని చోటు ఒకటి కలదు. ఒక రాశికి ‘ప్రాణము’ అని పేరు పెట్టినను ‘బలము’ అని పెట్టినను అంకెలు మారవు. కనుక పేర్లన్నియు పునర్నిర్మించినవానివే గాని స్వీనీవి కావు. రాత్రి రెండు గంటలకు విసుగెత్తి ఆ కుర్రవాడు పక్కన ఏమైన వ్రాసికొని ఉన్నచో అది శాశ్వతముగా పోయినది. ప్రతి పదము సరిపోయినను కవి స్వహస్తము చూడలేకపోయినట్లే ఇది.

స్వహస్తమే దొరికిన సందర్భము కూడ ఒకటి ఉన్నది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆట డాస్ మీద మన దేశములో చాలమంది ఎరిగినది. జోర్డాన్ మెక్నర్ దానిని మొదట 1989లో ఆపిల్ 2 యంత్రమునకు వ్రాసినాడు. డాస్ కూర్పు 1990లో వచ్చినది. 1985లో తన తమ్ముడు పరుగెత్తుచు, దూకుచు ఉండగా చిత్రము తీసి, ఆ చిత్రముల నుండి రాకుమారుని కదలికలను గీసినాడు. మూలరచన ఫ్లాపీలు కనబడక, ఇక పోయినవనియే అనుకొన్నారు. 2012లో మెక్నర్ తండ్రి ఇంటిలో ఒక పెట్టె బయటపడినది. అందులో ఆ ఫ్లాపీలు ఉన్నవి. ఆ యేటి ఏప్రిలులో పాత యంత్రముల నిపుణులు వానిని జాగ్రత్తగా చదివి మూలరచనను లోకమునకు అందించినారు. అందులో పేర్లు మెక్నర్ పెట్టినవే, గుర్తులు మెక్నర్ వ్రాసికొన్నవే. రాకుమారుని నీడవలె వెంటాడు శత్రువు ఒకడు ఆ ఆటలో ఉన్నాడు. కొత్త బొమ్మలకు జ్ఞాపకశక్తిలో చోటు లేక, మెక్నర్ రాకుమారుని బొమ్మనే ఒక్క చుక్క పక్కకు జరిపి, మొదటి బొమ్మతో కలిపి, రెండింటిలోను ఉన్న చుక్కలను కొట్టివేసి ఆ నీడను పుట్టించినాడు. తర్కశాస్త్రములో దీనిని ఎక్స్‌ఆర్ అందురు. పేదరికము నుండి పుట్టిన ఈ ఉపాయమే ఆటకు అందమైనది.

ఫ్లాపీ అనగా ఇనుప ఆక్సైడు పూసిన పల్చని పాలియెస్టరు బిళ్ల. ఐదుంబావు అంగుళముల సాధారణ ఫ్లాపీకి రెండు ముఖములు, ముఖమునకు 40 వలయములు, వలయమునకు 9 ఖండములు, ఖండమునకు 512 బైటులు. గుణించి చూడుడు: 3,68,640. మూడున్నర అంగుళముల దానికి వలయములు 80, ఖండములు 18, మొత్తము 14,74,560. పూతను పట్టియుంచు జిగురు కాలక్రమమున చెడును. తేమ ఉన్నచోట బిళ్లమీద బూజు పట్టును. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలిసి, ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పోవు కొల్లేటి చుట్టుపట్టుల గాలిలో తేమకు కొరత లేదు. ముదినేపల్లిలో ఒక ఇంటి అటక మీద 30 సంవత్సరములు పడియున్న ఫ్లాపీకిని, పొడి గాలి గల దేశములో పెట్టెలో ఉన్న ఫ్లాపీకిని ఆయుర్దాయము ఒకటి కాదు. బూజు పట్టిన బిళ్లను నేరుగా యంత్రములో పెట్టినచో చదువు తల గీచి పూతనే ఊడ్చివేయవచ్చును. మన తరము వ్రాసిన ఆటలకు మిగిలిన గడువు తక్కువ అనుటకు ఇంతకంటె వేరు కారణము అక్కరలేదు.

ఆశకు తావిచ్చు విషయములును ఉన్నవి. డాస్‌లో ఒక ఫైలును చెరిపినచో అందలి సమాచారము వెంటనే పోదు. పట్టికలో ఆ ఫైలు పేరులోని మొదటి అక్షరము స్థానమున 229 అను సంకేతము వేసి, అది ఉన్న స్థలము ఖాళీ అని మరొక పట్టికలో గుర్తు పెట్టును. అంతే. ఆ స్థలములో మరొకటి వ్రాయువరకు పాత వ్రాత అట్లే ఉండును. అందుచేత ‘చెరిపివేసినాను’ అని యజమాని చెప్పిన మూలరచన కూడ కొన్ని వేళల దొరకును.

మరొకటి చెప్పవలెను. జి.డబ్ల్యు. బేసిక్‌లో వ్రాసిన ఫైలును నేటి కంప్యూటరులో తెరచినచో పిచ్చి గీతలు కనబడును, చెడిపోయినదని పారవేయుదురు. నిజమునకు అది చెడలేదు. ఆ భాష స్థలము కలిసివచ్చుటకు ఒక్కొక్క ఆజ్ఞను ఒకటి రెండు బైటుల సంకేతముగా కుదించి దాచెడిది. ఫైలులోని మొదటి బైటు 255 అయినచో అది ఇట్టి కుదింపు అని గ్రహింపవలెను. దానిని తిరిగి విప్పు ప్రోగ్రాములు ఉన్నవి. 2020 మే నెలలో మైక్రోసాఫ్టు సంస్థ ఆ భాష యొక్క మూలరచననే బయటపెట్టినది. డాస్ మొదటి కూర్పుల మూలరచనను 2014 మార్చిలో, 4వ కూర్పుదానిని 2024 ఏప్రిలులో విడుదల చేసినది. 2014 ఫిబ్రవరిలోనే మన హైదరాబాదువాడైన సత్య నాదెళ్ల ఆ సంస్థకు అధిపతి అయినాడు. ఈ రెండింటికి సంబంధము ఉన్నదని చెప్పుట నా ఉద్దేశము కాదు గాని, తెలుగు విద్యార్థులు చెప్పుకొని సంతోషింపవచ్చును.

తెలుగు వ్రాతకు కూడ ఇదే చిక్కు వచ్చినది. ఒక్కొక్క ఫాంటు సంస్థ తన సొంత సంకేతములతో అచ్చు వేసిన 1990ల నాటి తెలుగు ఫైళ్లు ఆ ఫాంటు లేనిదే నేడు గజిబిజిగా కనబడును. అదే కాలమున అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమునకు చెందిన తెలుగువారు ఆంగ్లాక్షరములతోనే తెలుగు వ్రాయు ఒక పద్ధతిని ఏర్పరచినారు. చూచుటకు అంత సొంపు లేకున్నను, సాధారణ అక్షరములే గనుక ఆ వ్రాతలు నేటికిని ఏ యంత్రము మీదనైనను కంటితో చదువవచ్చును.

ఇంటిలో పాత ఫ్లాపీ దొరికినవారు మొదట దానికి వ్రాత తాళము వేసి, దాని పూర్తి నకలు తీసి, ఆ నకలు మీదనే ప్రయత్నములు చేయవలెను. మూడున్నర అంగుళముల ఫ్లాపీలు చదువు పెట్టెలు నేటి కంప్యూటరుకు తగిలించుకొనుటకు దొరకును. ఐదుంబావు అంగుళముల వానికి పాత చోదకమును, దానిని నడుపు ప్రత్యేక పలకను సంపాదింపవలెను. తాళము విషయమున ఒక పొరపాటు సులభముగా జరుగును. ఐదుంబావు అంగుళముల ఫ్లాపీ అంచున ఉన్న గాడిని కాగితముతో మూసినచో వ్రాత ఆగును. మూడున్నర అంగుళముల దానికి ఇది తలక్రిందులు: మూలనున్న రంధ్రము తెరచియున్నప్పుడే వ్రాత ఆగును.