డోలు కొట్టిన చెయ్యి

2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనకబడిన ముస్లిం సమూహాలకి 4 శాతం రిజర్వేషన్ కల్పిస్తూ ఒక చట్టం చేసింది. అది ఎవరెవరికి వర్తిస్తుందో చెప్పే పట్టికలో గారడీ ముస్లిం, గారడీ సాయిబులు, పాములవాళ్ళు, కనికట్టువాళ్ళు, గారడోళ్ళు అన్న పేర్లు ఒకే వరసలో కనిపిస్తాయి. చిత్తూరు జిల్లా సంతల్లో, తిరుపతి సందుల్లో పిల్లలం వెంటపడి పిలిచిన పేర్లు ప్రభుత్వ భాషలో అలా నిలబడి ఉండటం చూస్తే నాకు సంతోషమూ కలిగింది, ఒక సందేహమూ కలిగింది. కనికట్టువాళ్ళు అంటే అందులో ఆడవాళ్ళూ ఉన్నట్టే కదా. మరి కనికట్టు చేసే మనిషిని తలుచుకోమంటే మనకెవరికీ ఆడమనిషి ఎందుకు గుర్తుకు రాదు?

మాయ చేస్తూ నవ్వించటం, నవ్విస్తూ మాయ చేయటం ఇప్పుడు నగరాల్లో స్టాండప్ కామెడీ వేదికల మీద కొత్త పోకడగా చెలామణీ అవుతోంది. మన వీధుల్లో అది చాలా పాతది. ఆ పాత విద్యలో మాట ఎవరిది, శరీరం ఎవరిది అన్నదే నా ప్రశ్న.

మా పక్క గారడీ ఎలా జరిగేదో చెప్తాను. ముందు డోలు మోగేది. గుంపు చేరాక గారడీ ఆయన నేల మీద గీత గీసి, దాటినవాళ్ళు రక్తం కక్కుకుంటారని బెదిరించేవాడు. పెద్దవాళ్ళు నవ్వేవాళ్ళు, పిల్లలం రెండడుగులు వెనక్కి వేసేవాళ్ళం. గుడ్డ కప్పి పడుకోబెట్టిన కుర్రవాణ్ణి "ఈ సారు జేబులో ఏముందిరా?" అని అడిగేవాడు. గుడ్డ కింద నుంచి ఏదో కొంటె జవాబు వచ్చేది. గుంపులో ఊరి పెద్దమనిషి ఉంటే ఆయన మీదా ఒక చెణుకు పడేది. పెద్దమనిషిని నలుగురిలో ఎగతాళి చేసి, ఆయన దగ్గరే డబ్బులు పుచ్చుకోగల విద్య మా ఊళ్ళో ఇంకొకటి లేదు.

ఈ ఆటలో గారడీ ఆయన భార్య కూడా ఉండేది. డోలు ఆమే కొట్టేది. సామాను అందించేది. చివర్లో పళ్ళెం పట్టుకుని జనం మధ్యకి వచ్చేది. మగవాళ్ళ చూపులు, మాటలు, చేతులు తప్పించుకుంటూ చిల్లర పోగుచేసేది. ఆట మొత్తంలో ఒక్క హాస్యపు మాట కూడా ఆమె వంతుకి వచ్చేది కాదు.

నవ్వు ఈ విద్యకి పైపూత అయితే దీన్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. కానీ అది విద్యలో సగం. గిన్నెల కింద బంతుల ఆటనే తీసుకోండి. మాట పేలగానే చూసేవాళ్ళ కళ్ళు మాట్లాడే మనిషి మొహం మీదికి పోతాయి, పక్కవాళ్ళ మొహాల మీదికి పోతాయి. ఆ అర క్షణంలో చెయ్యి తన పని చేసుకుపోతుంది. తర్వాత ఎంత తలుచుకున్నా, ఆ అర క్షణం తాము చేతుల్ని చూడలేదన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. మాట కన్నుని కడుతుంది, హస్తలాఘవం మిగతాది చూసుకుంటుంది. అందుకే మాట ఎవరి చేతిలో ఉంటే విద్య వాళ్ళదిగా చెలామణీ అవుతుంది.

అయితే డోలు కూడా కన్నుని కడుతుంది. ఎక్కడ దరువు పెరగాలో, ఎక్కడ టక్కున ఆగాలో తెలిసిన మనిషికి ఆటలోని రహస్యమంతా తెలిసినట్టే. ఆమె చెయ్యి ఒక్క దెబ్బ ముందుగా పడితే ఆయన చెయ్యి దొరికిపోతుంది. ఇంత తెలిసిన ఆమెకి మా ఊళ్ళో ఉన్న పేరు గారడీవాడి పెళ్ళాం.

ఈ విద్యలో కులం కూడా ఉంది. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాల సంపుటాల్లో విప్రవినోదుల ప్రస్తావన ఉంది. బ్రాహ్మణులకి వినోదం కలిగించేవాళ్ళని పేరులోనే చెప్పే గారడీ విద్యావంతులు వాళ్ళు. చూసేవాళ్ళ కులాన్ని బట్టి అదే విద్య ఒకచోట వినోదం అయింది, ఇంకోచోట పొట్టకూటి గారడీ అయింది. విద్యకి కులం అంటగట్టిన సమాజం లింగాన్ని అంటగట్టకుండా ఉంటుందా?

వీధి నుంచి రంగస్థలం మీదికి వస్తే ఆడమనిషి డోలు కూడా పోయింది, శరీరం ఒక్కటే మిగిలింది. 1921 జనవరిలో లండన్‌లో పి.టి. సెల్బిట్ అనే ఇంద్రజాలికుడు ఒక యువతిని పెట్టెలో పడుకోబెట్టి రంపంతో రెండు ముక్కలుగా కోసినట్టు చూపించాడు. బ్రిటన్‌లో ముప్ఫై ఏళ్ళు దాటిన కొందరు స్త్రీలకి ఓటు హక్కు వచ్చి అప్పటికి మూడేళ్ళు. ఆ పోరాటంలో ముందు నిలిచిన క్రిస్టబెల్ పాంక్‌హర్స్ట్‌ని తన పెట్టెలో పడుకోవటానికి రమ్మని సెల్బిట్ ప్రచారం కోసం ఆహ్వానించాడు. ఆమె రాలేదు. ఆ హాస్యంలో ఉన్న కసి మనకి తెలియందేం కాదు. వీధుల్లోకి వచ్చి అరిచిన ఆడవాళ్ళని నోరు మెదపకుండా పెట్టెలో చూడాలన్న కోరిక అది. అదే 1921లో మద్రాసు రాష్ట్రంలో, అంటే అప్పటి మన చిత్తూరు జిల్లాలో కూడా, ఆస్తి ఉన్న స్త్రీలకి ఓటు హక్కు దక్కింది.

1956 ఏప్రిల్ 9న పి.సి. సర్కార్ బీబీసీ టెలివిజన్‌లో దీప్తీ డే అనే యువతిని విద్యుత్ రంపంతో కోసే అంశం ప్రదర్శించాడు. రంపం ఆగింది, ఆమె లేవలేదు, కార్యక్రమం హఠాత్తుగా ముగిసింది. ఆమె నిజంగానే చనిపోయిందనుకుని జనం బీబీసీకి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. సర్కార్ పేరు ప్రపంచమంతా మారుమోగిన ఆ రాత్రి దీప్తీ డే చేసిన పని కదలకుండా, పలక్కుండా పడుకోవటం. అది కూడా నైపుణ్యమే. దాన్ని నైపుణ్యంగా లెక్కగట్టే అలవాటు మాత్రం మనకి లేదు.

తెలుగులో మాయనీ హాస్యాన్నీ కలిపిన మగవాళ్ళని వెతకటం కష్టం కాదు. తిరుపతి పొరుగునే ఉన్న నెల్లూరు జిల్లాలో పుట్టిన రమణారెడ్డి (1921-1974) సినిమాల్లో హాస్యనటుడు, బయట ఇంద్రజాల ప్రదర్శనలు ఇచ్చినవాడు. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో రాక్షసుల మాయలకి గురువైన చిన్నమయ్యగా వేసింది ఆయనే. నిజమైన ఇంద్రజాలికుడు మాయలగురువుగా నవ్విస్తుంటే చూసేవాళ్ళకి ఇబ్బందేం అనిపించలేదు.

అదే సినిమాలో ఆ రెండూ కలిపి చేసిన ఆడమనిషి కూడా ఉంది. సావిత్రి మాయాశశిరేఖ. ఆ నడక, ఆ కనుబొమల ఎగరేత, పెళ్ళిపీటల మీద లక్ష్మణకుమారుణ్ణి హడలగొట్టే తీరు చూసి మూడు తరాలు నవ్వాయి. తెరమీద మాయ చేసి నవ్వించిన తెలుగు స్త్రీ ఎవరంటే నేను మొదట ఆమె పేరే చెప్తాను. కానీ కథ ప్రకారం అక్కడ ఉన్నది శశిరేఖ కాదు, ఘటోత్కచుడు. అసలు శశిరేఖకి ఆ కొంటెతనం లేదు. ఆడపిల్ల పెళ్ళికొడుకుని ఆటపట్టిస్తే మనం హాయిగా నవ్వాలంటే, లోపల ఉన్నది మగవాడే అన్న హామీ కావలసి వచ్చింది. సావిత్రి ఆ హామీ చాటున ఆడదాని నవ్వుని ఎంత దూరం తీసుకుపోవచ్చో అంత దూరమూ తీసుకుపోయింది.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో దీనికి అద్దంలో బొమ్మలాంటిది కనిపిస్తుంది. ఆడవాళ్ళని చెరిచే పాలెగాడు గంగమ్మకి భయపడి దాక్కుంటాడు. ఆమె రోజుకో వేషం మార్చి వెతుకుతుంది. బైరాగి, బండ, తోటి వేషాలు అయ్యాక దొర వేషం వేస్తుంది. దొరే వచ్చాడనుకుని పాలెగాడు బయటికి వస్తే తల నరుకుతుంది. తిట్లు, బూతులు, నవ్వులు ఆ వారమంతా వీధుల్లో పొంగుతుంటాయి. ఇది కూడా కనికట్టే. మోసగించి గెలిచిన ఆడదాని కథ. ఈ జాతర మీద జాయిస్ ఫ్లూకిగర్ 2013లో పుస్తకమే రాసింది. కానీ ఆ దేవత వేషాలు కట్టేది కైకాల కుటుంబం మగవాళ్ళు. వీధుల్లో చీర కట్టి తిరిగేదీ మగవాళ్ళే. 'మాయాబజార్'లో ఆడదాని నవ్వుకి లోపల మగవాడు కావలసి వస్తే, ఇక్కడ పైన కావలసి వచ్చాడు.

ఇదంతా కళలకి సంబంధించిన ముచ్చటే అయితే ఇంత రాయక్కర్లేదు. మాయ చేసే ఆడమనిషికి మన భాషలో నిజానికి ఒక పేరుంది. మంత్రగత్తె. మంత్రగాడు అంటే జనం భయపడి డబ్బులిస్తారు. మంత్రగత్తె అంటే భయపడి చెట్టుకి కడతారు, పళ్ళు రాలగొడతారు. జాతీయ నేర గణాంకాల్లో హత్యలకి కారణాల పట్టికలో చేతబడి అనుమానానికి ప్రత్యేకంగా ఒక గడి ఉంది. ఇలాంటి దాడుల మీద బీహార్ 1999లో చట్టం చేసింది. మన సరిహద్దుకి అవతల కర్ణాటక 2017లో మూఢాచారాల మీద చట్టం చేసింది. అనుమానం ఎక్కువగా ఒంటరి స్త్రీ మీద, వితంతువు మీద, కాస్త భూమి ఉండి అండలేని ముసలామె మీద పడుతుంది. ఆమెకి ఏ విద్యా రాదు. రాదని నిరూపించుకునే దారీ లేదు.

గారడీకీ చేతబడికీ మధ్య గీత గీసేది నవ్వే. నవ్వించేవాడు ఇది ఆట అని ముందే ఒప్పుకుంటున్నాడు. బాబాలు నవ్వించరు. ఒకే బూడిద ఒకరి చేతిలో వినోదం, ఇంకొకరి చేతిలో మహిమ. బి. ప్రేమానంద్ (1930-2009) లాంటి హేతువాదులు బాబాల మహిమల్ని వేదిక మీద చేసి చూపించి, జనాన్ని నవ్వించి గుట్టు విప్పారు. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు మన ఊళ్ళలో అదే పని చేశారు. నేను చూసిన కళాజాతాల్లో మాత్రం నాలుక మీద కర్పూరం వెలిగించి చమత్కారంగా మాట్లాడినవాళ్ళు మగవాళ్ళు. ఆడవాళ్ళు పాటల బృందంలో ఉండేవాళ్ళు.

ఆ వరస ఇప్పుడు కొంచెం కదిలింది. ఉదయ్‌పూర్‌లో పుట్టిన సుహానీ షా 1997లో ఏడేళ్ళ వయసులో అహమ్మదాబాద్‌లో తొలి ప్రదర్శన ఇచ్చింది. ఇవాళ స్టాండప్ కమెడియన్‌లాగా ఒంటరిగా మైకు పట్టుకుని, మాటకి మాట విసురుతూ, ఎదుటివాళ్ళ మనసులో మాట చెప్తుంది. పెట్టె లేదు, సహాయకురాలు లేదు. 2023 జనవరిలో ఒక బాబా భక్తుల మనసులోది చదువుతున్నాడని టీవీలు హోరెత్తినప్పుడు ఆమె చానెళ్ళలో కూచుని అదే పని చేసి చూపించి, ఇది కళ, మహిమ కాదు అంది. మాయ చేసే ఆడది ఆ మాట నవ్వుతూ అనగలగటం వెనక చాలా చరిత్ర ఉంది.

నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదని మన పెద్దల సామెత. ఎన్నో నవ్వుల్ని నొక్కేసిన సామెత అది. కనికట్టు చేసే ఆడమనిషికి మాత్రం దానితో పేచీ ఉండక్కర్లేదు. నన్ను నమ్మొద్దు, కళ్ళు తెరిచి చూడండి అనటమే ఆమె విద్య. నమ్మమని గంభీరంగా చెప్పేవాళ్ళ వల్లనే ఆడవాళ్ళు ఎక్కువ దెబ్బతిన్నారు.

1972 వన్యప్రాణి చట్టంతో పాములాట నేరమైంది. టీవీలు వచ్చాక గుంపులు తగ్గాయి. పట్టికలో పేర్లు మిగిలాయి, ఆటలు వెళ్ళిపోతున్నాయి. తిరుపతిలో 1983 నుంచి ఒక మహిళా విశ్వవిద్యాలయం ఉంది. మన దగ్గర కలాలున్నాయి, రికార్డర్లున్నాయి. గారడీ సాయిబుల చరిత్ర రాయటానికి వెళ్ళినప్పుడు మొదట ఆయన్ని కాదు, పళ్ళెం పట్టుకుని తిరిగినామెని అడగాలి. దరువు ఎక్కడ ఆగాలో ఎవరు నేర్పారు, గుంపులో చేతుల్ని ఎలా తప్పించుకునేదానివి, నీకు తోచి కూడా అనకుండా మింగేసిన చెణుకులు ఏవి అని అడగాలి. ఆమె చెప్పేదాకా మనం ఆగాలి.