కుకీ పుట్టుపూర్వోత్తరములు

వెబ్‌సైటును తెరచినంతనే "కుకీలకు సమ్మతింతురా?" అను ప్రశ్న ఎదురగుట నేడు అందరకు అనుభవమే. పెక్కుమంది చదువకయే "సరే" అని నొక్కి ముందుకు సాగెదరు. ఆ చిన్న ప్రశ్న వెనుక ముప్పది యేండ్లకు మించిన చరిత్ర కలదు.

వెబ్‌ను నడపు హెచ్‌టీటీపీ అను పద్ధతికి జ్ఞాపకశక్తి లేదు. అడిగినవానికి సర్వరు పుటనిచ్చును. మరుక్షణమున వానిని మరచును. మేము రేడియోలో మాటాడునపుడు వినువారెవరో ఎరుగము. ఎరుగకున్నను ప్రసారము సాగును. చదువునకును అంతే చాలును. అంగడికి మాత్రము చాలదు. బుట్టలో వేసిన వస్తువు పుట తిప్పులోపల మాయమైనచో బేరమెట్లు సాగును?

1994లో అమెరికాలోని నెట్‌స్కేప్ సంస్థ ఉద్యోగి లూ మాంటుల్లి దీనికొక ఉపాయము కనిపెట్టెను. ఎంసీఐ అను టెలిఫోను సంస్థ వెబ్‌లో అంగడి పెట్టదలచి, సగము సాగిన బేరముల లెక్కను తన సర్వరులో నుంచుట కిష్టపడలేదు. ఆ లెక్కను కొనువాని కంప్యూటరులోనే యుంచవచ్చునని మాంటుల్లి తలచెను. సర్వరు ఒక చిన్న అక్షరపంక్తిని పంపును. బ్రౌజరు దానిని దాచి, మరల పోయినపుడెల్ల చూపును. దేవాలయము ముంగిట చెప్పులు భద్రపరచువాడిచ్చు బిళ్ల వంటిదే యిది. యూనిక్సు పనివారు అట్టిదానిని అప్పటికే "మ్యాజిక్ కుకీ" అనుచుండిరి.

బ్రౌజరు కంతకు ఒకే సంఖ్య యిచ్చుటను మాంటుల్లి కోరి మానుకొనెను; ఒక సైటు బిళ్లను వేరొక సైటు చదువరాదు. అయినను ఒక సందు మిగిలెను. పుటలోని ప్రకటన బొమ్మ వేరొక సర్వరునుండి వచ్చును. ఆ సర్వరును బిళ్ల నీయగలదు. ఒకే సంస్థ ప్రకటనలు వేయి సైటులలో నున్నచో, ప్రతి అంగడి గుమ్మమునను దాని మనిషి నిలుచుండి అదే బిళ్లను చూచుకొన్నట్లే. 1996 ఫిబ్రవరిలో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక కుకీలగూర్చి వ్రాయువరకు సామాన్యుల కీ సంగతి తెలియదు. మరుసటి యేడు డేవిడ్ క్రిస్టల్, మాంటుల్లి కూర్చిన ఆర్‌ఎఫ్‌సీ 2109, ఇట్టి మూడవపక్షపు కుకీలను ముందుగా అనుమతింపరాదని చెప్పెను. నాటి పెద్ద బ్రౌజరులు రెండును దానిని పాటింపలేదు. కథ దారితప్పిన దిచ్చటనే యని నా తలంపు. 2020 నాటికి సఫారీ వానిని పూర్తిగా ఆపినది. గూగుల్ అదే యేట క్రోమ్‌నుండి తొలగింతునని ప్రకటించి, 2024లో ఆ సంకల్పము విడిచినది.

కుకీ దోషము కుకీలో లేదు, అందు వ్రాయుదానిలో నున్నది. 2008లో మొదలైన డక్‌డక్‌గో అను అన్వేషణ సైటు, అక్షరములు పెద్దవిగా కావలెనని మీరు కోరినచో ఆ కోరికను మాత్రమే కుకీలో వ్రాయు పద్ధతి నవలంబించెను. మనిషిని గుర్తించు సంఖ్య యందుండదు. మరికొందరు లోకల్ స్టోరేజిని వాడుదురు. కుకీ నాలుగు కిలోబైట్లకు మించదు, ప్రతిమారు సర్వరునకు పోవును; ఇది కొన్ని మెగాబైట్లు పట్టును, తనంత తాను ఎచ్చటికిని పోదు. అయినను పుటలోని ప్రోగ్రాము దానిని చదివి పంపగలదు. అందుచేతనే ఐరోపా సమాఖ్య 2002లో చేసి 2009లో సవరించిన శాసనము కుకీ యను పేరుతో ఆగక, వాడుకరి పరికరములో దేనిని దాచినను వర్తించును. వాడుకరి కోరిన సేవకు తప్పనిసరియైన దానికి మాత్రము సమ్మతి నడుగ పనిలేదు.