కల్లూ గుడాలూ: ఓరుగల్లు ప్రాంతంలో దావత్ చరిత్ర

నురుగు కక్కే పానీయం పక్కన ఉప్పూ కారం దట్టించిన తిండి పెట్టుకుని నలుగురు కూర్చోవడాన్ని తెలంగాణలో దావత్ అంటారు. నేటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెల్లో దీని పాత రూపం కల్లూ గుడాలూ (ఉడికించి తాలింపు పెట్టిన గింజలు). తర్వాతి రూపం బీరూ చికెన్ సిక్స్టీఫైవూ. పట్టణాల్లో కొన్ని ఇళ్లలో ఇప్పుడు కనిపిస్తున్నది స్పార్క్లింగ్ వైనూ డబ్బాలో వచ్చిన ఫ్రైడ్ చికెనూ. ఈ మార్పుల వెనుక డబ్బు, చట్టం, కులం అన్నీ ఉన్నాయి. వాటికంటే ముందు నిలిచేది పానీయంలోని గాలి ఎంతసేపు ఆగుతుందన్నది. కల్లు గంటల్లో పులిసిపోతుంది కనుక తాగేవాడే చెట్టు దగ్గరికి నడిచాడు, తిండి అమ్మేవాళ్లూ అక్కడికే చేరారు. సీసాలో నిలిచే పానీయం వచ్చాక గానీ ఈ విందు, పండుగా పబ్బాలప్పుడు తప్ప, మామూలు జనం ఇంటి గడప దాటి లోపలికి రాలేదు.

ఓరుగల్లు ప్రాంతంలో కల్లు ప్రధానంగా తాటి నుంచి, ఈత నుంచి వస్తుంది. భూపాలపల్లి, ములుగు వైపు అడవి పల్లెల్లో జీలుగు చెట్టు నుంచి కూడా తీస్తారు, అక్కడ దాన్ని గిరక తాడు అంటారు. తాటిచెట్లలో మగదాన్ని పోతుతాడు, కాయ కాసేదాన్ని పండుతాడు అంటారు. చలికాలం నుంచి ఎండాకాలం దాకా ఒకదాని తర్వాత ఒకటి గీతకు వస్తాయి. గీత కార్మికుడు మోకు, ముస్తాదు అనే సరంజామా వేసుకుని పొద్దున, సాయంత్రం చెట్టెక్కుతాడు. గెలను కత్తితో పలుచగా చెక్కి కింద లొట్టి అనే మట్టిపాత్ర కడతాడు. చెక్కు మందమైతే గెల తొందరగా అయిపోతుంది, పలుచనైతే ధార రాదు. ఆ చేతివాటం ఏళ్ల తరబడి చెట్టెక్కితే గానీ పట్టుబడదు.

గెల నుంచి కారేటప్పుడు అది కల్లు కాదు, నీరా. అందులో పది శాతానికి పైగా చక్కెర ఉంటుంది, మత్తు ఉండదు. లొట్టికి అంటుకుని ఉన్న పాత మడ్డిలోని ఈస్టు, బ్యాక్టీరియా ఆ చక్కెరను వెంటనే పట్టుకుంటాయి. చక్కెర ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా విడిపోతుంది. ఆ వాయువే పైకి పొంగే తెల్లని నురుగు. మరోవైపు లాక్టిక్ ఆమ్లం పులుపును తెస్తుంది. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి సుమారు 4 నుంచి 6 శాతం ఆల్కహాలుకు చేరుతుంది, మరునాటికి పుల్లని కాడికి దగ్గర పడుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఈ పని ఆలస్యమవుతుంది. నీరాను తీపిగా దించే పాత ఉపాయం అదే. పులియడం సూక్ష్మజీవుల పని అని 19వ శతాబ్దం నడుమ లూయీ పాశ్చర్ నిరూపించే దాకా దీని కారణం శాస్త్రానికి తెలియదు. లొట్టిని పూర్తిగా కడగకూడదని మాత్రం గీసేవాళ్లకు ముందే తెలుసు.

ఫ్రాన్సు దేశపు షాంపేన్‌లోని నురుగూ బొగ్గుపులుసు వాయువుదే. తేడా అంతా మూతలో ఉంది. ఒకసారి పులిసిన ద్రాక్షసారాయికి మళ్లీ కొంచెం చక్కెర, ఈస్టు కలిపి సీసాలో బిగిస్తే వాయువు బయటికి పోలేక ద్రవంలోనే కరిగిపోతుంది. సీసా లోపలి ఒత్తిడి వాతావరణ ఒత్తిడికి ఐదారు రెట్లు ఉంటుంది. దాన్ని తట్టుకునే గట్టి గాజు 17వ శతాబ్దంలో ఇంగ్లండులో బొగ్గు కొలుములతో సాధ్యమైంది. వైనుకు చక్కెర కలిపి పొంగేలా చేసే పద్ధతిని క్రిస్టఫర్ మెరెట్ 1662లో లండన్ రాయల్ సొసైటీకి వివరించాడు. షాంపేన్‌ను కనిపెట్టాడని లోకం చెప్పుకునే డోమ్ పెరిన్యో సన్యాసి (1638–1715) నిజానికి వైనులో బుడగలు రాకుండా చూడటానికే ఎక్కువ కష్టపడ్డాడు. ఓరుగల్లు సీమలో గట్టి గాజూ లేదు, కార్కూ లేదు. మూతి తెరిచిన మట్టిపాత్రలో వాయువు వచ్చినంతా గాలిలో కలిసింది.

పక్కన పెట్టుకునే తిండి కథ మరింత పాతది. డబ్బిచ్చి వండిన తిండి తినడం ఓరుగల్లుకు కొత్త కాదు. కాకతీయుల రాజధాని వీధులను వర్ణించే క్రీడాభిరామం అనే కావ్యంలో ఇద్దరు స్నేహితులు ఊరంతా తిరుగుతూ పూటకూళ్ల ఇంటికి చేరతారు. ఒక రూకకు అక్కడ దొరికే భోజనం వివరాలు అందులో వరుసగా ఉన్నాయి. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఇలాంటి కావ్యాల నుంచే జనం తిండి, తాగుడు, ఆటల సమాచారాన్ని ఏరారు. అయితే కాకతీయుల నాటి తిండిలో మిరపకాయ లేదు, పల్లీ లేదు. రెండూ అమెరికా ఖండం నుంచి ఐరోపా నావికుల వెంట 16వ శతాబ్దం నుంచి వచ్చినవే. అప్పటి కారం మిరియాలదే. ఈ రోజు కల్లు పక్కన తప్పనిసరి అనిపించే మిర్చి బజ్జీ, ఉప్పు పల్లీలు ఆ లెక్కన కొత్త చుట్టాలు.

గుడాల గింజలు మాత్రం ఈ నేల పంటవే. బొబ్బెర్లో శనగలో రాత్రి నానబెట్టి, పొద్దున ఉడికించి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, ఉప్పు వేసి తాలింపు పెడతారు. వీటికి తోడు కారప్పూస, ఎండుచేపల వేపుడు, బోటి, కాల్చిన చేప. వరంగల్లు ఇళ్లలో సర్వపిండి కూడా ఆ పళ్లెంలోకి వస్తుంది. బియ్యప్పిండిలో శనగపప్పు, నువ్వులు, కారం కలిపి గిన్నె అడుగున ఒత్తి కాల్చే ఈ రొట్టె చల్లారినా కరకర పోదు. ఉప్పు దాహం పెంచుతుంది, పులుపూ తీపీ కలిసిన కల్లు మిర్చి మంటను తగ్గిస్తుంది, నురుగు నాలుకకు పట్టిన నూనెను కడిగేస్తుంది. షాంపేన్‌కు వేయించిన ఆలుగడ్డ సరిపోయేదీ ఇదే కారణం చేత. 1955లో వచ్చిన 'ది సెవెన్ ఇయర్ ఇచ్' సినిమాలో మార్లిన్ మన్రో ఆలూ చిప్సును షాంపేన్‌లో ముంచుకుని తింటుంది. ఖరీదైన సీసాకు చవక చిరుతిండిని జోడించే సరదా అది.

కల్లు చరిత్ర రాజకీయాల్లోకి ఎక్కిన తావు కూడా జనగామ జిల్లాయే. కల్లుగీత కులంలో పుట్టిన సర్వాయి పాపన్న గీత వదిలి దండు కూడగట్టాడు. ఇప్పటి రఘునాథపల్లి మండలంలోని ఖిలాషాపూర్‌లో కోట కట్టాడు, 1708లో వరంగల్లు మీద పడ్డాడు, 1710లో మొఘలుల చేతిలో చనిపోయాడు. మొఘల్ చరిత్రకారులు అతన్ని దోపిడీదారుగా రాశారు. పల్లె గాయకులు వీరుడిగా పాడారు. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ దక్కను సామాజిక చరిత్ర చెప్పడానికి ఎంచుకున్న ఎనిమిది జీవితాల్లో పాపన్నది ఒకటి. పాపన్నా, డోమ్ పెరిన్యో ఒకే కాలం వాళ్లు. అటు నురుగును సీసాలో బంధించే విద్య రూపు దిద్దుకుంటున్న రోజుల్లో, ఇటు చెట్టెక్కే కులం వాడొకడు కోట గోడల వెనుక నుంచి సుబేదారుకు ఎదురు నిలిచాడు.

నిజాం కాలంలో కల్లు ఖజానాకు పెద్ద ఆదాయం. భూమి శిస్తు తర్వాత చెప్పుకోదగ్గది అబ్కారీయే, అంటే కల్లు, సారాల మీది పన్నే. 1316 ఫసలీ నాటి హైదరాబాదు అబ్కారీ చట్టం చెట్టుకు పన్ను, దుకాణానికి వేలం పద్ధతిని స్థిరం చేసింది. చెట్టు నాటిన వాడిది కాకుండా గుత్తేదారు లెక్కలోకి పోయింది. ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుని కల్లు తాగే సౌకర్యం నిజంగా ఉన్నది గడీలోని దొరకు. వెట్టిలో భాగంగా గీత కార్మికులు కొన్ని చెట్లను గడీ కోసమే విడిచి, రోజూ పైసా తీసుకోకుండా కల్లు మోసేవారు. పండుగలకు, చుట్టాలు దిగినప్పుడు లొట్ల సంఖ్య పెరిగేది. దొర ఇంట్లో మెరిసే పానీయం వెనుక మరొకరి ఉచిత శ్రమ ఉందన్నది తెలంగాణ రైతాంగ పోరాటం లేవనెత్తిన ఫిర్యాదుల్లో ఒకటి. అప్పటి జనగామ తాలూకా ఆ పోరాటానికి నడిబొడ్డు.

మిగతా జనానికి కల్లు మండువే కూర్చునే చోటు. తాటివనంలోనో ఊరి చివరో చెట్ల నీడన తాటాకు రేక పట్టి తాగేవారు. గుడాలు, చేపలు అమ్మే ఆడవాళ్లు గంపలతో అక్కడే కూర్చునేవారు. ఇప్పటి ఫాస్ట్ ఫుడ్ బండికి వీళ్లే పూర్వీకులని చెప్పడం అతిశయోక్తి కాదు. తిండి ముందే వండి ఉంటుంది, అడిగిన వెంటనే ఆకులో పెడతారు, నిలబడే తినొచ్చు. ఇంటికి కల్లు వచ్చే సందర్భాలు వేరు. దసరాకు, పోచమ్మ కొలుపుకు, పెళ్లికి, చావుకు. కల్లు సాక పోయకుండా చాలా గ్రామదేవతల కొలుపు పూర్తి కాదు. గీత వృత్తి చేసే గౌడ కుటుంబాలు తమ దేవుడు కాటమయ్యను కొలిచి గానీ కొత్తగా చెట్టెక్కవు. ఇంటికి వచ్చిన కల్లును ఆడవాళ్లూ తాగడం తెలంగాణ పల్లెల్లో తప్పుగా చూడరు. సీసా మద్యానికి ఆ ఒప్పుదల ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

సారా, సీసా మద్యం ఈ పద్ధతిని దెబ్బతీశాయి. ప్యాకెట్ సారా చెడదు, నురగదు, జేబులో పడుతుంది. దాన్ని ఇంటికి తేవడం సులువైంది, ఇంటి కష్టాలూ దాని వెంటే వచ్చాయి. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో ఆంధ్రప్రదేశ్ అంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోది 1997లో సడలిపోయింది. ఆ తర్వాత వైన్ షాపులదే రాజ్యం. అక్కడ ద్రాక్షసారాయి ఒక మూల అరలో నాలుగు సీసాలకు మించి ఉండేది కాదు. అమ్ముడయ్యేది విస్కీ, బ్రాందీ, అన్నిటికంటే ఎండాకాలంలో బీరు. ఇళ్లలో ఫ్రిజ్ మామూలయ్యాక బీరు కల్లు చోటును ఆక్రమించింది. చల్లదనం, నురుగు, తక్కువ మత్తు మూడూ ఉన్నాయి, పైగా పులిసిపోదు.

బీరు పక్కన చేరిన తిండి పుట్టిల్లు ఎక్కువగా బయటిదే. చికెన్ సిక్స్టీఫైవ్ మద్రాసులోని బుహారీ హోటల్లో 1965లో మొదలైందని చెప్తారు. చికెన్ మంచూరియాను 1975లో బొంబాయిలో నెల్సన్ వాంగ్ తయారు చేశాడు. ఈ రెండూ ఎగ్ నూడుల్స్, ఫ్రైడ్ రైస్‌తో కలిసి జనగామ, స్టేషన్ ఘన్‌పూర్ వంటి ఊళ్ల బస్టాండు బండ్ల మీదికి దిగాయి. ఇక్కడ ఫాస్ట్ ఫుడ్ అంటే ముందుగా గుర్తొచ్చేది అమెరికా బర్గరు కాదు, పెద్ద మంట మీద గరిటె మోగే ఈ బండే. అమెరికా కంపెనీలు దేశంలో అడుగుపెట్టింది తర్వాత. కేఎఫ్‌సీ 1995లో బెంగళూరులో, మెక్‌డొనాల్డ్స్ 1996లో ఢిల్లీలో తెరుచుకున్నాయి.

స్పార్క్లింగ్ వైన్ దేశంలో తయారవడం 1980లలో మహారాష్ట్రలో, పుణె దగ్గరి నారాయణ్‌గావ్‌లో షాటో ఇండేజ్‌తో మొదలైంది. 1999లో నాసిక్ దగ్గర సూలా వెలిసింది. 2013లో ఫ్రెంచి కంపెనీ షాందోన్ నాసిక్ ద్రాక్షతో సీసాలు నింపింది. హైదరాబాదు చుట్టూ ఒకప్పుడు అనాబె షాహీ ద్రాక్షతోటలు విరివిగా ఉండేవి గానీ అవి తినే ద్రాక్షలు. తోటలు ఇళ్ల స్థలాలయ్యాక ఆ పంటా తగ్గింది. అందువల్ల ఈ వైన్ తెలంగాణకు బయటి సరుకుగానే వచ్చింది. కొత్త సంవత్సరం, పుట్టినరోజు, పెళ్లిరోజులకే పరిమితమైంది. దీన్ని 6 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో తెరవాలి. మే నెల ఎండలో కారు డిక్కీలో వచ్చిన సీసాను అలాగే తెరిస్తే సగం నేలపాలే.

2014లో తెలుగువాడైన శ్రీహర్ష మాజేటి, ఇద్దరు మిత్రులతో కలిసి బెంగళూరులో తిండిని ఇంటికి చేర్చే స్విగ్గీ మొదలుపెట్టాక వరంగల్లు, హనుమకొండ ఇళ్లకూ వండిన తిండి నడిచి వచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో మే 6 దాకా తెలంగాణ మద్యం దుకాణాలు మూసి ఉండగా జనం తాటివనాలకు బారులు తీరారు. ఆ ఏడాదే పశ్చిమ బెంగాల్, ఒడిశా మద్యాన్ని ఇంటికి చేర్చడానికి అనుమతిచ్చాయి. తెలంగాణ ఇవ్వలేదు.

కల్లుకు ప్రభుత్వ ఆదరణ ఒక తీరుగా లేదు. హైదరాబాదులో 2004లో మూతపడ్డ కల్లు దుకాణాలు 2014లో తెరుచుకున్నాయి. 2021లో మద్యం దుకాణాల కేటాయింపులో గౌడ్లకు 15 శాతం దక్కింది. 2023 మేలో నెక్లెస్ రోడ్డుపై నీరా కేఫ్ మొదలైంది. 2024 జులైలో చెట్టు మీంచి పడకుండా కాపాడే కాటమయ్య రక్షణ కవచం పంపిణీ ఆరంభమైంది. వీటన్నిటి మీదా మచ్చ కల్తీ కల్లు. చెట్టు సరుకు చాలని చోట నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రజోలం వంటి మత్తుమందులు కలుపుతున్నారు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో అలాంటి కల్లు తాగి పలువురు చనిపోయారు.

దాంతో చెట్టు తెలిసిన, గీసేవాడు తెలిసిన కల్లుకే గిరాకీ. ఖిలాషాపూర్, చిల్పూర్ వైపు పల్లెల్లో వాడిక ఇళ్లు ముందు రోజే ఫోన్ చేసి చెప్పుకుంటాయి. పొద్దున మోపెడ్ మీద ప్లాస్టిక్ సీసాల్లో కల్లు వస్తుంది. మూత వదులుగా పెడతారు, బిగిస్తే దారిలోనే సీసా ఉబ్బిపోతుంది. ఫ్రిజ్‌లో పెడితే పులియడం నెమ్మదిస్తుంది గానీ ఆగదు. అందుకే కల్లుకు ఇప్పటికీ ఆ పూట దావతే.