స్ప్రింగు ఆకారం వెనక ఉక్కు కథ

పాత మోటారు సైకిలు ఇంజన్లో వాల్వును తెరిచేది క్యామ్, మూసేది స్ప్రింగు. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఫోర్‌స్ట్రోక్ ఇంజన్లో ఒక్కో వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. 1920లలో రేసు బళ్ల కాయిల్ స్ప్రింగులు ఈ చాకిరీకి తాళలేక విరిగేవి. తీగ ఉక్కులో మలినాలుండేవి, పైన సన్నని గీతలుండేవి. పగులు అక్కడే మొదలయ్యేది. సిలిండర్ హెడ్డు వేడి, కొన్ని వేగాల దగ్గర చుట్టల్లో పుట్టే అదురు దానికి తోడు. అందుకే సన్‌బీమ్ వంటి బ్రిటిష్ కంపెనీలు హెయిర్‌పిన్ స్ప్రింగులకు మళ్లాయి. వీటి చుట్ట వాల్వు పక్కన, గాలి తగిలే చోట ఉంటుంది. వాల్వుతో పాటు ఆడేది కొసలే. దాంతో కదిలే బరువూ తగ్గింది, వేడీ తగ్గింది. వెలోసెట్ కేటీటీ, మాంక్స్ నార్టన్, ఏజేఎస్ 7ఆర్ అదే బాట పట్టాయి. అయితే హెయిర్‌పిన్‌ను గద్దెనెక్కించింది దాని ఆకారం కన్నా ఆనాటి ఉక్కు నాసిరకమే అని చెప్పాలి.

మాంక్స్ నార్టన్ 1961లో సీనియర్ టీటీ, 1969లో యుగోస్లావియా గ్రాండ్ ప్రీ గెలిచింది కదా, నాటికి ఉక్కు బాగుపడినా హెయిర్‌పినే నెగ్గింది కదా అని అడగవచ్చు. అది ఆ ఇంజన్ గెలుపు, స్ప్రింగు గెలుపు కాదు. హెడ్డంతా ఆ స్ప్రింగుల చుట్టూ గీసింది కనుక మార్చే అవసరం రాలేదు. బయటికి తెరిచి ఉన్న ఆ స్ప్రింగుల దగ్గర్నుంచి నూనె చిమ్మడం అందుకు చెల్లించిన మూల్యం. బ్రిటన్‌కే చెందిన బీఎస్ఏ గోల్డ్‌స్టార్ కాయిల్ స్ప్రింగులతో క్లబ్‌మన్ టీటీలను ఏలింది. 1956లో డుకాటీ ఇంజనీరు తాలియోని వాల్వును మూసే పని కూడా క్యామ్‌కే అప్పగించి స్ప్రింగుల కాలం చెల్లిందనిపించాడు. కానీ పదేళ్లకే హోండా 250 సీసీ ఆరు సిలిండర్ల రేసు ఇంజన్ కాయిల్ స్ప్రింగులతో నిమిషానికి 18,000 చుట్లు అందుకుంది. 24 చిన్న వాల్వుల తేలికదనం అందుకు తోడ్పడిన మాట నిజమే. అయినా 1920ల నాటి తీగతో అది అయ్యే పని కాదు.

ఇవాళ పాత బండికి స్ప్రింగులు ఎంచుకునేవారికి ఈ చరిత్ర పనికొస్తుంది. గట్టి స్ప్రింగు వేస్తే భద్రమన్నది అపోహ. వేగం రెట్టింపైతే వాల్వును అదుపులో ఉంచే బలం నాలుగింతలు కావాలన్నది సరే. కానీ ఆ వేగం అందుకోని ఇంజన్లో అదనపు బలం క్యామ్‌నూ ట్యాపెట్‌నూ అరగదీయడానికే పోతుంది. 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్‌కు ఒక్కో వాల్వుకు ఒకదానిలో ఒకటిగా రెండు కాయిల్ స్ప్రింగులు. ఊరి రోడ్ల వేగానికి అవి చాలు. కనుక ఆకారం అసలుదే ఉంచండి, తీగ మాత్రం నేటిది వాడండి. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు చుట్టలు ఒకదానికొకటి ఆనకుండా సందు ఉందో లేదో చూశాకే హెడ్డు మూయండి.