అమరావతి శిల్పం – ఆధునిక రూపకల్పన: ప్రతిబింబం నుంచి తుల్యదేహి వరకు

ఉపోద్ఘాతం

పూర్వకృతికీ దాని ప్రేరణతో పుట్టిన కొత్త కృతికీ మధ్యనున్న పోలికను ఎలా అంచనా వేయాలన్న ప్రశ్న మన అలంకారశాస్త్రానికి కొత్తది కాదు. 9వ శతాబ్దికి చెందిన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాలుగవ ఉద్ద్యోతంలో ఇటువంటి పోలికను ‘సంవాదం’ అన్నాడు. దానిని మూడు విధాలుగా విభజించాడు. అద్దంలోని నీడ వంటిది ప్రతిబింబం. చిత్తరువు వంటిది ఆలేఖ్యం. ఇద్దరు మనుషుల మధ్య కనిపించే పోలిక వంటిది తుల్యదేహి. మొదటి రెండూ త్యాజ్యాలు, మూడవది గ్రాహ్యం. రూపం కలిసినా ఎవరి ప్రాణం వారిదే కావడం ఇందుకు కారణం.

ఈ విభజనను మనం ఎక్కువగా కావ్యాలకే వర్తింపజేస్తూ వచ్చాం. అమరావతి శిల్పం నుంచి ఒక నవలకు, ఒక రాజచిహ్నానికి, ఒక భవన ప్రణాళికకు సాగిన ప్రేరణను ఇదే కొలమానంతో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

మూలం: పలకలు, వాటి కూర్పు

18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిని తన రాజధానిగా చేసుకున్న కాలంలో స్తూపపు రాళ్లు నిర్మాణాలకు తరలిపోయాయి. 1797లో కాలిన్ మెకంజీ ఆ స్థలాన్ని చూశాడు. 1816లో మళ్లీ వచ్చి చిత్రాలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకు చేరాయి. వాటిలో అనేకం తరువాత లండన్‌కు వెళ్లాయి. నేడు అమరావతి శిల్పసంపదలో ప్రధానభాగం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోనూ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉంది.

ఈ శిల్పం నుంచి కళాకారుడు గ్రహించగలిగినవి రెండు. ఒకటి అలంకరణ: పద్మం, పూర్ణఘటం, ధర్మచక్రం, త్రిరత్నం. రెండవది కూర్పు. చెన్నైలోని నళగిరి ఫలకం ఇందుకు మంచి ఉదాహరణ. ఒకే వృత్తంలో ఒక పక్క మదపుటేనుగు వీధిలో జనాన్ని తొక్కుతుంది. మరో పక్క అదే ఏనుగు బుద్ధుని పాదాల వద్ద మోకరిల్లుతుంది. రెండు క్షణాల మధ్య గీత లేదు. చూసేవాడి చూపే ఏనుగును ఒక కాలం నుంచి మరొక కాలానికి నడిపిస్తుంది. స్తూపం మొత్తానికీ ఇదే సూత్రం. ప్రదక్షిణం చేసేవాడు నడిస్తేనే కథ నడుస్తుంది.

నవల: అడివి బాపిరాజు ‘హిమబిందు’

అడివి బాపిరాజు (1895–1952) మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయుని వద్ద చిత్రకళ అభ్యసించారు. సాతవాహనుల కాలపు ధాన్యకటకం ఆయన ‘హిమబిందు’కు రంగస్థలం. శిల్పి కుటుంబానికి కథలో ప్రధానస్థానం ఉంది. దీనివల్ల పురావస్తు శాస్త్రజ్ఞునికి శకలంగా దొరికిన రాయి నవలలో ఇంకా ఉలి కింద ఉన్న రాయి అవుతుంది. పలక మీద కదలక నిలిచిన మనుషులకు వృత్తి, ప్రేమ, పౌరజీవితం ఏర్పడతాయి.

వస్త్రాభరణాల, కేశాలంకారాల వర్ణనలు దీర్ఘమైనచోట రచన ఆలేఖ్యంగా మారి కథ ఆగుతుందన్న ఆక్షేపణకు అవకాశం ఉంది. అయినా చెక్కే చేతిని కథలోకి తేవడం వల్ల ఈ నవలను తుల్యదేహిగానే గ్రహించాలి.

చిహ్నం: పూర్ణఘటం

2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీకరించిన రాజచిహ్నం నేరుగా అమరావతి కళ నుంచి వచ్చింది. ధర్మచక్రపు వలయంలో త్రిరత్నాలు, ఆకులు ఒకటి విడిచి ఒకటిగా ఉంటాయి. మధ్యలో పూర్ణఘటం నిలుస్తుంది. ఆనందవర్ధనుని మాట ప్రకారం ఇది ప్రతిబింబం. కానీ ఇక్కడ ఆ సూత్రాన్ని యథాతథంగా వాడడం న్యాయం కాదు. కావ్యం కొత్తదనాన్ని కోరుతుంది, చిహ్నం గుర్తింపును కోరుతుంది. ప్రభుత్వపత్రం మీద అంగుళం మేర కనిపించే ముద్రకు మూలంతో పోలికే ప్రాణం.

మారింది చూసే తీరు. స్తూపం వద్ద పూర్ణఘటం నడిచేవాడికి అనేక శిల్పాల మధ్య ఎదురయ్యేది. ముద్రలో అది ఒక్క చూపులో ముగుస్తుంది. అలంకరణ నిలిచింది, నడక పోయింది.

భవనం: స్తూపాకృతి, ప్రదక్షిణం

కొత్త రాజధానిలో హైకోర్టు భవనానికి లండన్‌లోని ఫాస్టర్ అండ్ పార్ట్‌నర్స్ సంస్థ రూపకల్పన చేసింది. మెట్లుమెట్లుగా లేచే పైకప్పు స్తూపాన్ని తలపిస్తుంది. పైకప్పు అంచులు బయటికి చాచి నీడనిస్తాయి. పైకప్పు వరకే చూస్తే ఇది ఆలేఖ్యం. లోపలి అమరిక వేరు. గదులు, నడవలు వలయాలుగా ఉంటాయి. ప్రజలు ఎక్కువగా వచ్చే కార్యాలయాలు, దిగువ న్యాయస్థానాలు బయటి వలయంలో ఉంటాయి. దారులు చుట్లు తిరుగుతూ లోపలికి వెళ్లి ప్రధాన న్యాయమూర్తి న్యాయస్థానం వద్ద ముగుస్తాయి.

ఇక్కడ భవనశిల్పి ఆకారంతోపాటు ప్రదక్షిణాన్ని కూడా తీసుకున్నాడని చెప్పవచ్చు. అయితే ఒక భేదాన్ని విస్మరించరాదు. స్తూపానికి ప్రవేశించదగిన లోపలిభాగం లేదు. భక్తుడు ఎన్నిసార్లు తిరిగినా కేంద్రం మూసే ఉంటుంది. న్యాయస్థానంలో కేంద్రం చేరుకోవలసిన స్థానం. ఒకే నడకకు ఇక్కడ మరొక ప్రయోజనం ఏర్పడింది. ప్రణాళికను బట్టి చూస్తే తుల్యదేహి లక్షణం పైకప్పులో కంటె ఈ నడవలలోనే ఉంది.

చందవరం: మూలం కనబడకపోతే

ఈ చర్చ అమరావతితో ముగిసేది కాదు. ప్రకాశం జిల్లా దొనకొండ మండలంలో గుండ్లకమ్మ ఒడ్డున చందవరం ఉంది. ఒంగోలు ప్రాంతపు ఈ నదీతీరంలో, కొండ మీద రెండంచెల వేదికతో కట్టిన మహాస్తూపాన్ని 1964లో డా. వేలూరి వెంకట కృష్ణశాస్త్రి గుర్తించారు. 1970లలో తవ్వకాలు జరిగాయి.

ఆ స్థలం నుంచి అపహరణకు గురైన ఒక సున్నపురాతి శిల్పాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో కొన్నది. ‘బుద్ధుని ఆరాధకులు’ అన్న పేరుతో అది కాన్‌బెర్రాలో ఉండేది. చందవరం శిల్పమేనని తేలిన తరువాత 2016లో దానిని భారతదేశానికి తిరిగి అప్పగించారు.

రాయి ఊరు తప్పినప్పుడు పోయేది సొత్తు ఒక్కటే కాదు. ఏ పలక పక్కన ఏది ఉండేది, నడిచేవాడికి ఏది ముందు ఎదురయ్యేది అన్న క్రమం కూడా పోతుంది. పైన చూసినట్లు కూర్పు ఆ క్రమంలోనే ఉంది. విడిపోయిన పలక రూపకర్తకు అలంకరణను మాత్రమే ఇవ్వగలదు. దాని నుంచి ప్రతిబింబం పుట్టడం సులభం, తుల్యదేహి పుట్టడం కష్టం.

ఉపసంహారం

ఒకే మూలం నుంచి నవల చెక్కే చేతిని, చిహ్నం గుర్తును, భవనం నడకను స్వీకరించాయి. సమకాలీన రూపకల్పనలో ‘అమరావతి ప్రేరణ’ అన్న మాట వినిపించినప్పుడు తీసుకున్నది అలంకరణా, కూర్పా అని అడగడం విమర్శకుని మొదటి పని. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడానికి తెలుగులో పలకవారీ వర్ణన కావాలి. చందవరం వంటి స్థలాలలో ప్రతి పలక స్థానాన్నీ, దిక్కునూ, ఇతివృత్తాన్నీ తెలుగులో నమోదు చేయడం పురావస్తుశాఖతోపాటు తెలుగు శాఖలు కూడా చేపట్టవలసిన పని. వర్ణన మన విద్య; ప్రబంధాలు చదివి నేర్చుకున్న ఆ విద్యకు గుండ్లకమ్మ ఒడ్డున ఇంకా పని ఉంది.