పడవకూ నీటిమొక్కకూ ఒకే కాలువ: బ్రిటన్‌లో స్వచ్ఛంద జలమార్గ పునరుద్ధరణ

పద్దెనిమిదో శతాబ్ది ఉత్తరార్ధం నుంచి బొగ్గు, సున్నపురాయి, ధాన్యం మోయడానికి బ్రిటన్‌లో తవ్విన రవాణా కాలువలు మొదట రైళ్ల పోటీకి, తరువాత లారీల పోటీకి తట్టుకోలేక చితికిపోయాయి. ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలానికి వాటిలో అనేకం పూడుకుపోగా, నగరాల గుండా పోయేవి చెత్త పారబోసే గుంటలయ్యాయి. 1948లో ప్రభుత్వం వీటిలో అధికభాగాన్ని జాతీయం చేసింది కాని, ఆదాయం రాని కాలువను మూసివేయడమే అధికారులకు సులువుగా తోచింది. మూతపడకుండా వాటిని కాపాడినవారు ముఖ్యంగా కూలి ఆశించని సామాన్య పౌరులు. వారు మొదట కాపాడదలచినది పడవలు నడిచే మార్గాన్నే. ఆ నీటిలో బతికే జీవరాశి పట్ల శ్రద్ధ చాలా ఆలస్యంగా, ఘర్షణ ద్వారా వచ్చింది.

ఉద్యమానికి బీజం ఒక పుస్తకం. ఎల్.టి.సి. రోల్ట్ తన పడవ ప్రయాణాన్ని వర్ణిస్తూ 1944లో ప్రచురించిన ‘న్యారో బోట్’ను చదివి రచయిత రాబర్ట్ ఐక్‌మన్ ఆయనకు ఉత్తరం రాయగా, ఆ పరిచయం 1946లో ఇన్‌ల్యాండ్ వాటర్‌వేస్ అసోసియేషన్ స్థాపనకు దారితీసింది. ప్రతి కాలువనూ కాపాడి తీరాలని ఐక్‌మన్, సాధ్యమైనవాటిని ఎంచుకోవాలని, పడవల మీదే జీవించే సరుకు రవాణా కుటుంబాల బతుకుతెరువును ముందు చూడాలని రోల్ట్ పట్టుబట్టడంతో 1951 నాటికి ఇద్దరి దారులు వేరయ్యాయి.

ఆందోళన శ్రమదానంగా మారడానికి స్ట్రాట్‌ఫర్డ్ కాలువ నిదర్శనం. దాని దక్షిణ భాగాన్ని శాశ్వతంగా మూసివేయాలని వార్విక్‌షైర్ జిల్లా పాలక మండలి 1958లో కోరింది. మూడేళ్లుగా ఎవరూ వాడని కాలువనే చట్టం ప్రకారం మూసివేయవచ్చు. ఆ గడువులోనే అక్కడ చిన్న తెడ్డు పడవ నడిపినవారు సుంకం చెల్లించిన రసీదు చూపడంతో ఆ వాదన వీగిపోయింది. తరువాత చారిత్రక స్థలాల సంరక్షణ సంస్థ అయిన నేషనల్ ట్రస్ట్ దానిని కౌలుకు తీసుకోగా, డేవిడ్ హచింగ్స్ నాయకత్వంలో 1961 నుంచి సెలవురోజుల కార్యకర్తలు, సైనికులు, బర్మింగ్‌హామ్ జైలు ఖైదీలు కలిసి సుమారు 21 కిలోమీటర్ల మేర పూడిక తీసి, నీటి మట్టాల తేడాను పడవలు దాటడానికి ఉపయోగపడే తలుపుల కట్టడాలను, అంటే గోదావరి డెల్టావాసులు లాకులని పిలిచేవాటిని, బాగుచేశారు. 1964 జూలైలో రాజమాత ఎలిజబెత్ ఆ కాలువను ప్రారంభించడంతో, ప్రభుత్వ ఇంజనీర్లు అసాధ్యమన్న పని చేతి పారలతో సాధ్యమేనని దేశానికి రుజువైంది.

1968 రవాణా చట్టం కాలువలను మూడు తరగతులుగా విభజించి, సరుకు రవాణాకూ విహారానికీ పనికిరానివాటిని ‘మిగులు జలమార్గాలు’గా లెక్కకట్టింది. ఆ అనాథ కాలువలే కార్యకర్తల పని క్షేత్రమయ్యాయి. గ్రేయమ్ పామర్ 1966లో మొదలుపెట్టిన చిన్న పత్రిక ఏ వారాంతంలో ఎక్కడ మనుషులు కావాలో తెలుపుతూ విడివిడి సంఘాలను కలిపింది. 1970లో అది వాటర్‌వే రికవరీ గ్రూప్‌గా రూపుదాల్చింది. 1972లో మాంచెస్టర్ సమీపంలోని ఆష్టన్ కాలువలోకి ఒకే వారాంతంలో సుమారు 1,000 మంది దిగి చెత్త ఎత్తిపోయగా, 1974లో ఆ కాలువ తిరిగి తెరుచుకుంది.

ఇదే కాలంలో మరో శ్రమదాన ధార వేరుగా ప్రవహిస్తూ వచ్చింది. 1959లో ఏర్పడిన కన్సర్వేషన్ కోర్ సభ్యులు సర్రే జిల్లాలోని బాక్స్ హిల్ మీద సుద్దనేల పచ్చికను కమ్ముకుంటున్న పొదలను నరకడంతో తమ పని ప్రారంభించారు. మొక్కలనూ పురుగులనూ గమనించే వీరికీ, కాలువలోని జమ్మును కలుపుగా చూసే పడవ ప్రియులకూ మధ్య సంబంధం అంతంతమాత్రం.

ఈ రెండు ధారలు ఢీకొన్నది మాంట్‌గోమరీ కాలువ వద్ద. ఇంగ్లండ్ సరిహద్దు దాటి వేల్స్‌లోకి సాగే సుమారు 56 కిలోమీటర్ల ఈ కాలువకు 1936లో గండి పడగా, 1944 చట్టంతో దానిని అధికారికంగా వదిలేశారు. 1969లో వెల్ష్‌పూల్ పట్టణంలో కాలువ మీదుగా రహదారి వేస్తారని తెలిసి కార్యకర్తలు దిగి తవ్వడంతో పునరుద్ధరణ మొదలైంది. కాని పడవలు లేని దశాబ్దాలలో అక్కడ లూరోనియం నటాన్స్ అనే అరుదైన నీటిమొక్క స్థిరపడింది. మూడు తెల్లని రేకుల పూలు పూసే ఈ మొక్క స్వతహాగా కొండ సరస్సులది. కాలువల ద్వారానే మైదానాలకు వ్యాపించింది. దాని అవసరాలు సున్నితమైనవి: పడవలు ఎక్కువైతే నీరు బురదై వెలుతురు అందదు, ఎవరూ పట్టించుకోకపోతే జమ్ము కమ్మేసి దానిని మింగేస్తుంది. కాబట్టి కాలువను తాకకుండా వదిలేయడమూ, యథేచ్ఛగా వాడుకోవడమూ రెండూ దానికి ప్రాణాంతకమే. ఈ జీవశాస్త్ర సత్యమే ఇరుపక్షాలనూ చర్చకు కూర్చోబెట్టింది. ఫలితంగా కాలువ పక్కనే పడవలు రాని చెరువులను తవ్వి, ప్రకృతి సంరక్షణ స్థలాలను ఏర్పరచి మొక్కలకు ఆశ్రయం కల్పించడం, పడవల సంఖ్యకు పరిమితి పెట్టడం పునరుద్ధరణలో అంతర్భాగాలయ్యాయి.

బేసింగ్‌స్టోక్ కాలువది మరింత కఠినమైన ఉదాహరణ: 1991లో అది తెరుచుకున్నా, కూలిన గ్రేవెల్ సొరంగం గబ్బిలాల నివాసంగా రక్షణ పొందడంతో అక్కడికే పడవ మార్గం ఆగిపోయింది. దీనిని ఓటమిగా భావించేవారు ఉన్నా, ఆ నిర్ణయం న్యాయమైనదే.

2012లో ఇంగ్లండ్, వేల్స్‌లలోని సుమారు 3,200 కిలోమీటర్ల జలమార్గాలు ప్రభుత్వం నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే ధర్మసంస్థ చేతికి వచ్చాయి. మాంట్‌గోమరీ మాత్రం ఈనాటికీ ఆ చివరి నుంచి ఈ చివరికి కలవలేదు. ఎండిన భాగంలో కార్యకర్తలు నీరు ఇంకని పొర పరిచి, దానిమీద దిమ్మెలు పేరుస్తూ కొద్దికొద్దిగా ముందుకు సాగుతున్నారు. మూడేళ్లలో ముగిసిన స్ట్రాట్‌ఫర్డ్ కంటే, అర్ధశతాబ్దం దాటినా ముగియని ఈ పనే ఎక్కువ పరిణతి గలది.