పుణె కొత్వాలు చావడిలో తెలుగు బ్రాహ్మణులు

మహారాష్ట్రమున తరతరములుగా నివసించుచున్న మనవారిలో ఘాశీరామ్ కొత్వాలు పేరు విననివారు అరుదు. 1863లో మోరోబా కాన్హోబా ఆ పేరిట మరాఠీలో ఒక గ్రంథము వ్రాసెను. 1972లో ప్రదర్శితమైన విజయ్ తెండూల్కర్ నాటకము ఆ పేరును దేశమంతట వ్యాపింపజేసినది. కొత్వాలు తన కుమార్తెను నానా ఫడ్నవీసునకు అప్పగించినట్లు అందున్న కథ కల్పితము. కాని చావడిలో జరిగిన మరణములు కల్పితములు కావు. మరణించినవారు తెలుగువారు.

పీష్వాలు ఏటేట శ్రావణమాసమున పుణెలో బ్రాహ్మణులకు దక్షిణ పంచెడివారు. దానికై దూరదేశములనుండి పండితులు వచ్చెడివారు. వారిలో తెలుగువారును ఉండిరి. దక్షిణకై అంతదూరము పోవలెనా యని నేడు కొందఱు పరిహసింతురు. వేదవిద్యకు వేఱు జీవనాధారము కఱవైన కాలమది. ఆ పరిహాసము మాకు రుచింపదు.

ఔరంగాబాదునుండి వచ్చిన ఘాశీరాముడు ఉత్తరదేశపు బ్రాహ్మణుడు. నానా అనుగ్రహమున 1777లో కొత్వాలయ్యెను. రాత్రి ఫిరంగి మ్రోగిన పిదప వీథిలో కనబడినవారిని తెల్లవాఱువఱకు నిర్బంధించు అధికారము అతనిది.

1791 ఆగస్టు నెలాఖరున, తోటలో కాయలు కోసిరను నేరముపై, ముప్పదిమందికి పైబడిన తెలుగు బ్రాహ్మణులను అతని భటులు పట్టుకొని ఇఱుకు గదిలో త్రోసి తాళము వేసిరి. గాలి యాడని ఆ గదిలో ఇరువదిమందికి పైగా ప్రాణములు విడిచిరి. మానాజీ ఫాకడే అను సర్దారు తాళము పగులగొట్టించుటచేత మిగిలినవారు బయటపడిరి. నగరమందలి తెలుగు బ్రాహ్మణులందఱు నానా వాకిట గుమిగూడి, కొత్వాలును శిక్షించువఱకు కదలమనిరి. నానా మొదట వెనుకాడి, తుదకు లొంగెను. ఘాశీరాముని నగరమున ఊరేగించి వారికే అప్పగించిరి. వారు అతనిని ఱాళ్లతో కొట్టి చంపిరి.

ఈ తుదిభాగమును మనవారిలో కొందఱు గర్వముతో చెప్పుకొందురు. మే మట్లు చెప్పజాలము. పదునెనిమిది సంవత్సరములకు పూర్వము, 1773 ఆగస్టు 30న, అదే నగరమున శనివారవాడలో నారాయణరావు పీష్వాను అంగరక్షకులే నఱకి చంపిరి. రామశాస్త్రి ప్రభుణే విచారణ జరిపి, హతుని పినతండ్రియైన రఘునాథరావు దోషియని అతని యెదుటనే పలికెను. రఘునాథరావు అప్పుడు గద్దెపై నుండెను. 1791లో పీష్వాగా నున్న సవాయి మాధవరావు ఆ హతుని కుమారుడే, తండ్రి పోయిన పిమ్మట పుట్టినవాడు. రామశాస్త్రి మాత్రము 1789లోనే కాలధర్మము నొందెను. శిక్ష నిర్ణయించుట ప్రభువుల పని. ఱాయి చేతికిచ్చి దుఃఖితులనే తలారులను చేయుట వారికి తగినది కాదు.

చంపినవాని పేరు గ్రంథమునకును నాటకమునకును శీర్షికయైనది. గదిలో చచ్చినవారు ఆ కథలో తైలంగ బ్రాహ్మణులు మాత్రమే.